దురద తెచ్చిన యుద్ధం

ఉలవకొండ అడవికి రాజు లేడు. సింహాన్ని అక్కడ ఎవరూ ఎన్నడూ చూడలేదు. ఉన్న ఒక్క ముసలి పులి మూడేళ్ల కిందట కాలం చేసింది. అప్పటి నుంచి ఎవరి మీద ఎవరికి కోపం వచ్చినా వెళ్లి చెప్పుకోవడానికి చోటు లేకుండా పోయింది. తప్పు చేసినవాణ్ణి పిలిచి అడిగేవాడు లేడు, మాట తప్పినవాడికి శిక్ష వేసేవాడూ లేడు.

రాజు లేని చోట బతకడం ఎలా అన్నదాని మీద ఆ అడవిలో రెండు వాదాలు నడుస్తున్నాయి. ఒకటి ముళ్లపంది కంటకయ్యది. "పక్కవాడి మనసులో ఏముందో మనకు తెలియదు. తెలియనప్పుడు మన బలం మనం చూసుకోవాలి" అంటాడు. రెండోది కొండముచ్చు కొమ్మక్కది. "రోజూ మొహాలు చూసుకునేవాళ్లం. ఒకరి అవసరం ఒకరికి ఉంటే ఎవరూ ఎవరినీ కరవరు. కూర్చుని మాట్లాడుకుని ఒక కట్టుబాటు పెట్టుకోవాలి" అంటుంది. పట్నాల్లో దేశాల సంగతులు చదువుకున్న పెద్దమనుషులు మొదటిదానికి వాస్తవిక వాదమనీ, రెండోదానికి ఉదార వాదమనీ పేర్లు పెట్టి లావుపాటి పుస్తకాలు రాసుకున్నారట. ఉలవకొండలో వాటిని ముళ్ల మాట, కొమ్మ మాట అంటారు. నేనూ అలాగే అంటాను, నాకు నోరు తిరిగే పేర్లు అవే.

ఆ ఏడు ఎండలు మండిపోయాయి. వైశాఖం వచ్చేసరికి వాగంతా ఎండి ఒక్క గుండం మిగిలింది. తూర్పు ఒడ్డున చుక్కల దుప్పుల మంద, దానికి పెద్ద చుక్కమ్మ. పడమటి ఒడ్డున అడవి పందులు, వాటికి పెద్ద బురదప్ప. దుప్పులకు తాగడానికి తేట నీళ్లు కావాలి. పందులకు పొర్లితే తప్ప ఒళ్లు చల్లబడదు, పొర్లితే నీళ్లు బురదవుతాయి. అందుకని కొమ్మక్క మధ్యన కూర్చుని వంతులు పెట్టించింది. పొద్దు పొడిచినప్పటి నుంచి మోదుగు చెట్టు మొదట్లోకి ఎండ వచ్చేదాకా గుండం దుప్పులది. ఆ తర్వాత పందులది. తెల్లారేసరికి బురద అడుక్కి దిగి నీళ్లు మళ్లీ తేటపడేవి.

కొమ్మక్క మాటంటే దుప్పులకు గురి. కొండముచ్చులు చెట్ల మీద చిగుళ్లు తింటూ సగానికి సగం కింద పడేస్తాయి, దుప్పులు వాటిని ఏరుకుని తింటాయి. చిరుత వస్తే పైనున్న కళ్లు చూసి అరుస్తాయి, కళ్లకు కనబడకపోతే కిందున్న ముక్కులు పసిగడతాయి. ఏ కాగితమూ రాసుకోకుండానే ఆ పొత్తు తాతల నాటి నుంచి సాగుతోంది.

తూర్పు ఒడ్డునే ఉండే కంటకయ్యకు మాత్రం ఈ వంతులు మొదటి నుంచీ మింగుడు పడలేదు.

"మనకు నీళ్లు దొరుకుతున్నాయి, వాళ్లకూ దొరుకుతున్నాయి. ఇంకేం కావాలి మరిదీ?" అంది కొమ్మక్క.

"ఎవరికి ఎక్కువ దొరుకుతున్నాయో చూడాలి వదినా. ఈ ఏడు ఎక్కువ నీళ్లు పట్టినవాడు వచ్చే ఏడు బలుస్తాడు. బలిసినవాడు వంతు పాటిస్తాడా?"

"నువ్వు నిద్రలో కూడా ముళ్లు నిక్కబొడుచుకునే పడుకుంటావటగా."

"అందుకే ఇన్నేళ్లు బతికాను."

"మీ ఆవిడ ఎలా బతికిందో ఎప్పుడైనా అడిగావా?"

కంటకయ్య మూతి ముడుచుకుని వెళ్లిపోయాడు. ఇలాంటి వాదాలు ఆ ఇద్దరి మధ్య పూటకొకటి జరిగేవి. వినేవాళ్లకు అదో కాలక్షేపం.

ఆ అడవిలోనే జంబన్న అనే నక్క ఉంది. వాడికి ముళ్ల మాటా పట్టదు, కొమ్మ మాటా పట్టదు. దుప్పి పిల్లల లేత మాంసం, పంది పిల్లల లేత మాంసం, వాడి ధ్యాసంతా ఈ రెండింటి మీదే. తల్లులు పక్కన ఉన్నంతకాలం ఆ పిల్లల జోలికి వెళ్లే దమ్ము వాడికి లేదు. పెద్దవాళ్లంతా ఒకచోట పోట్లాటలో పడితే పిల్లలు ఒంటరిగా దొరుకుతారని వాడి లెక్క.

ఒకరోజు జంబన్న చుక్కమ్మ దగ్గరకు వచ్చి కూర్చున్నాడు.

"తల్లీ, చెప్పకూడదనుకున్నాను. మనసొప్పక చెబుతున్నాను. పందులన్నీ అవతల మద్ది చెట్టుకు కోరలు నూరుకుంటున్నాయి. చెట్టు బెరడు ఎలా లేచిపోయిందో కావాలంటే ఇక్కడి నుంచే చూడు."

చుక్కమ్మ చూసింది. మద్ది చెట్టు నిజంగానే పందుల ఎత్తుమేరకు గీరుకుపోయి ఉంది.

అట్నుంచి అటే జంబన్న పడమటి ఒడ్డుకు చేరాడు.

"బురదప్పా, మగ దుప్పులు కొమ్ములకు పదును పెట్టుకుంటున్నాయి. చిన్న చెట్టు కనబడితే చాలు, దాని మీద పడి నూరుతున్నాయి. వాటికి నీ మీద అంత కోపం ఎందుకో నాకైతే తెలియదు."

బురదప్ప చూశాడు. తూర్పు ఒడ్డున ఇద్దరు మగ దుప్పులు నిజంగానే చెట్లకు కొమ్ములు రుద్దుతున్నారు. తను ఆలస్యం చేస్తే దుప్పులు గుండాన్ని ఆక్రమించుకుంటాయేమోనని మర్నాడు తన మందను వంతు కంటే ముందే నీళ్లలోకి దింపాడు. ఎండ ఇంకా మోదుగు కొమ్మల్లోనే ఉంది, దుప్పులు ఇంకా తాగుతూనే ఉన్నాయి. అటు వాళ్లూ ఇటు వాళ్లూ బెదిరి ఒకరి మీద ఒకరు పడ్డారు. ఆ తొక్కిసలాటలో చుక్కమ్మ పిల్ల బురదలో కూరుకుపోయింది. తల్లి మెడ పెట్టి లాగితే బయటపడింది గానీ ముందరి కాలు కుంటుతోంది. ఆ పూటంతా చుక్కమ్మ తన పిల్ల కాలు నాకుతూ కూర్చుంది. ఇంకో తొక్కిసలాట జరిగితే ఈ కాలుతో అది తప్పించుకోలేదని ఆమెకు తెలుసు.

మధ్యాహ్నం తూర్పు ఒడ్డున పంచాయితీ కూర్చుంది.

"నేను చెప్పలా?" అన్నాడు కంటకయ్య. ఆ ముక్క అనడానికి నెల రోజులుగా ఎదురు చూస్తున్నాడు. "మగవాళ్లందర్నీ ఒడ్డున వరసగా నిలబెట్టు చుక్కమ్మా. చాలకపోతే ఎలుగుబంటిని సాయం పిలుద్దాం."

"ఎలుగు వస్తే పందులు పోతాయి, నిజమే. తర్వాత ఎలుగును పంపడానికి ఎవర్ని పిలుస్తావు మరిదీ?" అంది కొమ్మక్క. "నెల రోజులు వంతు తప్పనివాడు ఇవాళ ఎందుకు తప్పాడో వెళ్లి అడగండి ముందు."

"అడిగితే నిజం చెబుతాడా?"

"అడక్కపోతే అబద్ధం కూడా చెప్పడు. అప్పుడు మనకేం తెలుస్తుంది?"

చుక్కమ్మ లేచి నిలబడింది. "పెద్దమ్మా, చిన్నాయనా, మీరిద్దరూ కలిసి వెళ్లండి. పెద్దమ్మ అడుగుతుంది. వాళ్లు మద్ది చెట్టుకు కోరలు నూరుతున్నారని విన్నాను, వాళ్లు చెప్పింది నిజమో కాదో నువ్వు నీ కళ్లతో చూసి రా చిన్నాయనా. మీరు వచ్చేదాకా ఎవరూ ఒడ్డు దిగరు."

ఇద్దరికీ ఒకరి పక్కన ఒకరు నడవడం ఇష్టం లేదు. కంటకయ్య ముళ్లు గలగలలాడిస్తూ ముందు నడిచాడు, కొమ్మక్క నాలుగడుగులు ఎడంగా వెనక నడిచింది. అవతల ఒడ్డున పందులు కోరలు చూపించాయి. కంటకయ్య వెనక్కి తిరిగి వీపు చూపించాడు. అవి దారి ఇచ్చాయి.

"ఏమోయ్ కంటకయ్యా, నీ జాతి పేరులోనూ పంది ఉంది. అటువైపు చేరావేం?" అన్నాడు బురదప్ప.

"పేరు నేను పెట్టుకున్నది కాదులే. మా వదిన ఏదో అడుగుతుందట, విను."

కొమ్మక్క సూటిగా అడిగింది. "నీ వంతు కాకుండా గుండంలోకి ఎందుకు దిగావు బురదప్పా?"

"మీ మగ దుప్పులు కొమ్ములు నూరుతుంటే నేను చేతులు కట్టుకుని కూర్చోనా?"

"నూరడం ఏమిటి? ఏటేటా ఈ రోజుల్లో వాళ్లకు కొత్త కొమ్ములు ముదురుతాయి. కొమ్ముల మీదున్న మెత్తటి తోలు ఎండి దురద పెడుతుంది. చెట్టుకు రుద్దితే తప్ప ఊడదు. నేను పై నుంచి చూస్తూనే ఉంటాను, ఆ తోలు పీలికలు వేలాడుతుంటే నవ్వొస్తుంది."

కంటకయ్య ఈలోగా మద్ది చెట్టు చుట్టూ తిరిగి, ముక్కు ఆనించి వాసన చూసి వచ్చాడు.

"ఈ చెట్టు మీద కోర గాటు ఒక్కటి లేదు. అంతా ఎండిన బురద, ఆ బురదలో చచ్చిన పిడుదులు. ఏమిటిది?"

బురదప్ప కాస్త సిగ్గుపడ్డాడు. "ఎండాకాలం పిడుదులు పట్టి రక్తం తాగేస్తాయి. బురదలో పొర్లి చెట్టుకు గీరుకుంటే రాలతాయి. మా ఇంటిల్లిపాదికీ దురదే. బయటికి చెప్పుకునే సంగతి కాదు కదా అని ఊరుకున్నాం."

"అయితే కోరలు నూరుతున్నారని మా చుక్కమ్మకు చెప్పిందెవరు?" అంది కొమ్మక్క.

"కొమ్ములు నూరుతున్నారని మాకు చెప్పిన జంబన్నే అయ్యుంటాడు" అన్నాడు బురదప్ప, నెమ్మదిగా.

ముగ్గురూ చాలాసేపు మాట్లాడుకున్నారు. పథకం కొమ్మక్కది. అందులో తనకో చోటు కావాలని పట్టుబట్టినవాడు కంటకయ్య.

మర్నాడు పొద్దున, వాళ్లు వచ్చి చెప్పినట్టే, చుక్కమ్మ జంబన్నను పిలిపించింది. "రేపు ఎండ మోదుగు మొదట్లోకి రాగానే యుద్ధం. పిల్లల్ని ఎక్కడ దాచాలో తెలియడం లేదు. నువ్వు లోకం చూసినవాడివి, నువ్వే చెప్పు."

"వాగు మలుపులో రెల్లు పొద ఉంది తల్లీ. ఎవరి కంటా పడదు."

మరి కాసేపటికి బురదప్ప కూడా పిలిచి అదే అడిగాడు. రెండు చోట్లకు తిరిగే శ్రమ ఎందుకని జంబన్న వాడికీ ఆ రెల్లు పొదే చెప్పాడు.

అనుకున్న వేళకు రెండు దళాలూ గుండం దగ్గర ఎదురెదురు నిలిచాయి. బురదప్ప గుర్రుమన్నాడు. మగ దుప్పులు కాళ్లతో నేల తవ్వి దుమ్ము లేపాయి. చెట్ల మీద కొండముచ్చులు కొమ్మలు ఊపి నానా గోల చేశాయి. పిల్లలన్నీ వెనక మోదుగు నీడలో భద్రంగా ఉన్నాయి. కాలు కుంటే దుప్పి పిల్ల ఒక పంది పిల్ల వీపు మీద తల ఆనించుకుని ఈ తమాషా చూస్తోంది.

ముందుగా ఒక మగ దుప్పి వెళ్లి బురదప్ప వీపు మీద కొమ్ములు ఆనించి ఉత్తుత్తినే తోశాడు.

"దెబ్బ తగిలిందా పెద్దాయనా?" అని గుసగుసగా అడిగాడు.

"లేదు నాయనా. ఇంకాస్త గట్టిగా. కొంచెం ఎడమకు."

దుప్పి ఎడమకు రుద్దాడు. పిడుదులు జలజలా రాలాయి. అతని కొమ్ముల మీది తోలూ పీలికలుగా ఊడి వచ్చింది. ఇద్దరికీ ప్రాణం లేచొచ్చింది. అది చూసి మిగతా పందులు కూడా "నన్ను పొడవండి, నన్ను పొడవండి" అంటూ మీదకు ఎగబడ్డాయి. దూరం నుంచి చూసేవాళ్లకు అంతటి ఘోర యుద్ధం ఉలవకొండలో ఎన్నడూ జరగలేదనిపించేది.

జంబన్నకూ అలాగే అనిపించింది. మలుపు దాకా పాక్కుంటూ వచ్చి, రెల్లు పొదలో ఎండుటాకుల కింద ఏదో కదలడం చూశాడు. రెండు మందల పిల్లలూ ఒక్కచోటే అనుకుని, లొట్టలేసుకుంటూ మూతి ముందుకు పెట్టి దూకాడు.

ఆకుల కింద కంటకయ్య వెనక్కి తిరిగి పడుకుని ఉన్నాడు. ముళ్లన్నీ లేపి ఉన్నాడు.

జంబన్న పెట్టిన కేకకు గుండం దగ్గర యుద్ధం ఆగిపోయింది. అందరూ పరుగెత్తుకొచ్చి చూస్తే వాడి మూతి నిండా, ముక్కు మీద, చెవి పక్కన ముళ్లే. నోరు తెరవడానికి కూడా వీల్లేదు.

"ఇవి తీసి పుణ్యం కట్టుకో కంటకయ్యా" అన్నట్టు ఏదో మూలిగాడు.

"అవి నావే గానీ, ఇచ్చింది తిరిగి పుచ్చుకునే అలవాటు లేదయ్యా" అన్నాడు కంటకయ్య.

జంబన్న ఆ మూతితోనే కొండ ఎక్కి అవతలికి దిగిపోయాడు. ఆ మూతితో అక్కడ ఎవరికీ ఏ కబురూ చెప్పలేడని తెలిసి అందరూ నిశ్చింతగా నవ్వుకున్నారు.

సాయంత్రం కంటకయ్య, కొమ్మక్క మళ్లీ మొదలుపెట్టారు.

"నా ముళ్లు లేకపోతే పడమటి ఒడ్డున కాలు పెట్టేదానివా వదినా?"

"పెట్టేదాన్ని కాదు. నేను అడగకపోతే ఆ ముళ్లు ఎవరికి గుచ్చేవాడివి మరిదీ? పాపం, ఒళ్లు గోక్కునే బురదప్పకు."

"ఈసారికి నీ కట్టుబాటు నిలిచింది. రేపు వాడి మనసు మారితే?"

"వీపు గీరేవాడి మీద మనసు అంత తొందరగా మారదులే."

చుక్కమ్మ పిల్లకు పాలిస్తూ వింటోంది. "అలా పోట్లాడుకుంటూనే ఉండండి" అంది. "మీలో ఒకరు పూర్తిగా గెలిచిన రోజు మాత్రం నాకు ముందే చెప్పండి. ఆ రోజు పిల్లల్ని తీసుకుని ఈ అడవి వదిలి వెళ్లిపోతాను."

ఈ కథ విన్నవాళ్లు ఇంటికి పట్టుకెళ్లాల్సిన మాట ఒక్కటే: దండు కట్టే ముందు వెళ్లి అడగండి, అడగడానికి వెళ్లేటప్పుడు ముళ్లు ఇంట్లో వదిలి వెళ్లకండి.