ఎలపట ఖాళీ

నల్లరేగడి చేల చివర ఒక దొడ్డి ఉండేది. అందులో పెత్తనం మనుషులది కాదు, జంతువులదే. చుట్టూ రేగుకంప కంచె, లోపల చొప్పవాము, ఒక కుడితి తొట్టి. ఏటా తిరునాళ్లప్పుడు ఆ దొడ్డికీ గట్టవతలి దొడ్డికీ బండలాగుడు పందెం జరిగేది. గెలిచినవాళ్లు వాగొడ్డు పచ్చికంతా ఏడాది పొడుగునా మేసుకోవచ్చు. ఓడినవాళ్లకు ఎండుచొప్పే గతి.

ఈ దొడ్డి తరఫున బండ లాగేది పుల్లగాడు, మైలగాడు అనే జోడెద్దులు. కాడికి దాపట, అంటే ఎడమ పక్క, పుల్లగాడు. ఎలపట, అంటే కుడి పక్క, మైలగాడు. కోడెవయసులో ఏ పక్క అలవాటైతే ఎద్దుకు చచ్చేదాకా ఆ పక్కే. ఈ సంగతి ఎద్దులకు తెలుసు. దొడ్డికి పెద్ద అయిన పొట్టేలుకు తెలియదు. తనకు తెలియదన్న సంగతి కూడా దానికి తెలియదు.

తిరునాళ్లు ముగిశాక పొట్టేలు పంచాయతీ పెట్టడం ఆనవాయితీ. వచ్చే ఏటికి ఎవర్ని ఉంచుకోవాలి, ఎవర్ని పంపాలి, కొత్తగా ఎవరు కావాలి అన్నది అక్కడే తేలాలి. ఆ ఏడు పందెం గెలిచారు గానీ, చావు తప్పి కన్ను లొట్టబోయినట్టు గెలిచారు.

"గాడిద ఉండాల. నీళ్లెవరు మోస్తారు? కుక్కా ఉండాల్సిందే. ఇక పుంజు సంగతేంది?" అంది పొట్టేలు.

"పుంజు కూయకపోయినా తెల్లారుద్ది. అయినా ఉండనీ పెద్దాయనా, పాపం!" అని వెనకనుంచి ఒక గొంతు వినిపించింది.

అందరూ తిరిగి చూస్తే నక్క. చుట్టుపక్కల దొడ్లన్నిటికీ పశువుల బేరాలు కుదిర్చేది అదే.

"నువ్వెప్పుడొచ్చావే?" అంది పొట్టేలు.

"తమరు మాట్లాడుతుంటే నా కాళ్లు ఆగుతాయా? ఒక మాట చెప్పి పోదామని వచ్చా. తిరునాళ్లలో మైలగాడు రొప్పటం నేను కళ్లారా చూశా. గట్టవతల నల్లగిత్త ఒకటుంది. దాని మూపురం చూస్తే మీరు రాత్రికి అన్నం తినరు. మైలగాడినిస్తే ఆ గిత్తనిప్పిస్తా. పైన రెండు మోపుల పచ్చిజొన్న."

పొట్టేలు చెవులు నిక్కాయి. కొత్త ఒక వింత, పాత ఒక రోత అని ఊరికే అన్నారా!

పుల్లగాడు ముందుకొచ్చాడు. "పెద్దా, ఆ గిత్త ఏ పక్కది?"

"ఏ పక్కదేందిరా? బలం ఏ పక్కనుంటే ఏం?" అంది పొట్టేలు.

"అట్టా కాదు పెద్దా. మైలబావ పోతే ఎలపట ఖాళీ అవుద్ది. మనకు కావాల్సింది..."

నక్క కళ్లు తుడుచుకుంది. "వాణ్ని కసరబాకండి పెద్దాయనా. జోడు విడిపోతుందని వాడి ఏడుపు. పక్క అడుగుతున్నట్టుంది గానీ, పాపం, బావనే అడుగుతున్నాడు."

దొడ్డంతా అయ్యో అంది. కోడిపెట్టయితే ముక్కు కూడా చీదింది. నిజానికి పుల్లగాడి గొంతులో ఏడుపు ఉంది. అందుకే వాడి ప్రశ్నకు ఎవరూ జవాబు వెతకలేదు.

బేరగాళ్లు తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని ధర తేల్చుకుంటారు కదా, నక్క ఒక టేకాకు తెచ్చి పొట్టేలు గిట్ట మీద కప్పింది. గిట్టకున్నవి రెండే వేళ్లు, బేరం ఇట్టే తెగింది.

పొద్దున్నే మైలగాడు బయలుదేరాడు. పుల్లగాడు కంచెదాకా వచ్చాడు.

"బావా, తొట్టిలో నా పక్క తవుడు అడుగునే ఉండిపోద్ది. మూతితో కలుపుకుని తాగాల" అన్నాడు మైలగాడు.

"నీ పక్క నేనెందుకు తాగుతా?"

"నువ్వు కాదు. వచ్చేవాడికి చెప్పు."

మైలగాడి మెడగంట గట్టెక్కి, గట్టు దిగి, వినపడకుండా పోయింది.

ఆ రోజు నుంచి పుల్లగాడికి బెంగ పట్టుకుంది. తొట్టి దగ్గర ఎడమ కొసనే నిలబడేవాడు. పడుకున్నా కుడిపక్క ఒక ఎద్దుకు చాలినంత చోటు వదిలేవాడు. గట్టు మీంచి గాలొస్తే మేత మానేసి మోర ఎత్తేవాడు. గాడిద చూసి నవ్వేది. ఎద్దు పుండు కాకికి నొప్పా?

నల్లగిత్త రానే వచ్చాడు. మూపురం నక్క చెప్పిన దానికంటే గొప్పగానే ఉంది. వచ్చినవాడు వచ్చినట్టే తొట్టి ఎడమ కొసకు పోయి పుల్లగాడిని గుద్దుకున్నాడు.

"అన్నా, కాస్త జరుగు."

"నీ చోటు అటుంది తమ్ముడూ."

"నాది దాపటే అన్నా. కాడి కిందికి పోయిన రోజు నుంచీ అదే."

పుల్లగాడు తొట్టిలోంచి మూతి తీశాడు. "ఆ మాట వచ్చేముందు చెప్పొద్దూ?"

"ఎవరడిగారు? పళ్లు చూశారు, మూపురం చూశారు, తోక ఎత్తి చూశారు. మా దొడ్లో ఇంకో దాపటెద్దు ఉంది. ఎలపటెద్దు కోసం మావాళ్లు నిరుటి నుంచీ నక్కను తిప్పుతున్నారు."

పుల్లగాడు పొట్టేలు దగ్గరికి పరిగెత్తి సంగతంతా చెప్పాడు. పొట్టేలు ముఖం మాడింది. కానీ పొట్టేలు వెనకడుగు వేసేది ఢీకొట్టడానికే గానీ ఒప్పుకోవడానికి కాదు.

"ఆకు కింద మాట మాటేరా. ఒకరు పక్క మారితే సరి. కుర్రాడు కొత్తవాడు, నువ్వే మారు."

పచ్చిక పోతే దొడ్డంతా పస్తుంటుందని పుల్లగాడు సరేనన్నాడు. మొదటిసారి ఎలపట నిలబడి కాడి కింద మెడ పెట్టాడు. అక్కడ కొయ్య నున్నగా గుంటపడి ఉంది. ఏళ్ల తరబడి మైలగాడి మెడ రాసుకుని పడిన గుంట. పుల్లగాడి మెడకు అది ఎక్కడా సరిపోలేదు. వాడు అందులోనే మెడ పెట్టి, కళ్లు మూసుకుని, కాసేపు కదలకుండా ఉండిపోయాడు.

నల్లగిత్త మెల్లగా అడిగాడు. "నొప్పా అన్నా?"

"కాదు తమ్ముడూ. పద, లాగుదాం."

మళ్లీ తిరునాళ్లొచ్చాయి. డప్పు మోగింది. పుల్లగాడి మెడ కుడిపక్కనున్నా కాళ్లు మాత్రం దాపటెద్దు కాళ్లే. లాగిన ప్రతిసారీ గిత్త మీదికి ఒరిగాడు. ఇద్దరికీ డొక్కలు రాసుకున్నాయి. బండ వంకర తిరిగి పక్కనున్న హద్దు గీత దాటింది. దాటితే ఓటమే. తర్వాత గట్టవతలి జోడు వచ్చింది. ఎలపట మైలగాడు రొప్పుతూనే లాగాడు. బండ తాడు పరిచినట్టు తిన్నగా పోయింది. ఓడిన బాధలోనూ పుల్లగాడు ఆ నడక నుంచి చూపు తిప్పుకోలేకపోయాడు.

పొట్టేలు నక్క మీదికి దూకింది. "మోసం చేశావే!"

"బలం అడిగారు, ఇప్పించా. పక్క అడిగిన ఎద్దును కసిరింది తమరే" అంటూ నక్క తన వాటా కోసం గెలిచినవాళ్ల వైపు నడిచింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, పొట్టేలు తానే ఒక టేకాకు పట్టుకుని గట్టవతలికి పోయింది. "మీ గిత్తను మీరే తీసుకోండి. పైన చొప్పవాము మొత్తం ఇస్తా. మా మైలగాడిని మాకిచ్చేయండి."

అవతలి దొడ్డి పెద్ద దున్నపోతు తాపీగా నెమరేసింది. "మాకెందుకయ్యా? మాకు దాపట ఖాళీ లేదు."

పొట్టేలు తలొంచుకుని తిరిగొచ్చింది. దారిలోని వాగొడ్డు పచ్చిక ఇప్పుడు గట్టవతలివాళ్లదే. అది సరిగ్గా ఈ దొడ్డి కంచెదాకా ఉంది. అక్కడ మైలగాడు మేస్తూ మేస్తూ కంచె దగ్గరికి వచ్చి ఆగాడు. లోపల పుల్లగాడు ఎప్పటినుంచి నిలబడ్డాడో, నిలబడే ఉన్నాడు.

"వచ్చినవాడికి తవుడు సంగతి చెప్పావా బావా?"

"వాడు నీ పక్కకు రానే రాడు. అది అట్టాగే ఉంది."

ఇద్దరూ వాగు పారే వైపు ముఖం తిప్పారు. కంచెకు ఎడమ పక్క పుల్లగాడు, కుడి పక్క మైలగాడు. ఎవరూ అదిలించకుండానే ఒకేసారి కాలు కదిపారు. కంచె ఉన్నంత దూరం, అడుగులో అడుగు కలిపి, ఏ బండా లేకుండా నడిచారు. పొట్టేలు టేకాకు కిందపడేసి, వాళ్లు కనపడినంతసేపూ చూస్తూ నిలబడింది.

నీతి: అడిగినవాడి గొంతులో దుఃఖం ఉందని అడిగిన మాటను కొట్టేస్తే, ఎంత బలాన్ని తెచ్చి కట్టినా బండ తిన్నగా నడవదు.