దొరగారి కొత్త సైలెన్సర్

నర్సింగరావు దొర ముచ్చటపడి తన కారుకు కొత్త సైలెన్సర్ బిగించుకున్నాడు. అది ఇంజన్ కంప్యూటర్‌కు సరిపడలేదు. డ్యాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలిగేది, కారు నడిరోడ్డు మీద ఆగిపోయేది. తోసి తోసి డ్రైవర్ లింబాద్రి నడుం పడిపోయింది. తప్పు సైలెన్సర్‌దేనన్న పాత డ్రైవర్‌ను దొర అప్పటికే గెంటేశాడు.

ఆ రోజు బండి మళ్లీ ఆగింది. "రోగమేందో తెలిసిందారా?" అని దొర ఉరిమాడు.

లింబాద్రి చెమట తుడుచుకున్నాడు. "తెలిసింది దొరా. అంత గొప్ప సైలెన్సర్‌ను మోసే యోగ్యత ఈ బండికి లేదు. దీనికి పాతదే బిగిద్దాం. తగ్గ బండి కొనేదాకా మీ సైలెన్సర్‌ను హాల్లో అద్దాల బీరువాలో పెడదాం. వచ్చినోళ్లంతా చూస్తారు."

దొర మీసం మెలేశాడు. "ఈ మాట ముందే చెప్పొద్దా, వెధవా!"

"తప్పయింది దొరా," అంటూ లింబాద్రి నీరసంగా స్పానర్ అందుకున్నాడు.