బుడమలంకకు సొంత పాలన వచ్చిన విధం

ఏటి మధ్యలో బుడమలంక అని ఒక దేశం. దేశమంటే మరీ పెద్దదేం కాదు, ఈ చివర నిలబడి పిలిస్తే ఆ చివర పలుకుతారు. కానీ అక్కడివాళ్ళని అడిగితే, తెలివన్నది మొదట తమ లంకలోనే దిగిందనీ, ఒలికిపోయిన కాస్తా ఏట్లో కొట్టుకుపోయి మిగతా దేశాలకు చేరిందనీ చెప్పేవాళ్ళు. రుజువేమిటంటే, తమకు చెప్పింది చెప్పినట్టు చేయడం వచ్చనేవాళ్ళు. ఎవరైనా ఒక పని చెబితే చాలు, ఆ మాటను మూడుసార్లు గట్టిగా వల్లించి, ఒక్క అక్షరం అటూ ఇటూ కాకుండా చేసేసేవాళ్ళు. అది ఆ లంక ఆచారం.

ఆ ఆచారం వల్లనే యుద్ధం కూడా వచ్చింది. ఒకరోజు వాళ్ళ రాజుగారు చిరాకులో ఉండి, అవతలి ఒడ్డు నుంచి ఈగను కూడా ఇటు రానివ్వొద్దన్నాడు. అంతే. లంక లంకంతా మూడుసార్లు వల్లించి, విసనకర్రలు పట్టుకుని రేవులో కాపలా కూర్చుంది. రెండు రోజులు బాగానే గడిచాయి. మూడోరోజు అవతలి ఒడ్డు రాయబారి పడవ దిగాడు. ఆయన ముక్కు మీద ఈగ ఉంది. ఇంకేముంది, నాలుగువందల విసనకర్రలు ఒక్కసారి లేచాయి.

నాలుగేళ్ళు కొట్టుకున్నారు. రాజుగారు ఎటు పారిపోయాడో ఎవరికీ తెలియదు. లంక జాలర్లు పన్నెండు మంది అవతలి ఒడ్డువాళ్ళకు పట్టుబడ్డారు. అందులో గవరయ్య ఒకడు. అతని భార్య మరిడమ్మ పడవ నడిపే మనిషి. రెండేళ్ళుగా రోజూ పొద్దున్నే రేవులోకి వచ్చి అవతలి ఒడ్డుకేసి చూసి, పడవను కాస్త తిట్టి, తెడ్డు పట్టుకునేది.

యుద్ధం ఆగాక లోకంలోని దేశాలన్నీ కూర్చుని మాట్లాడుకున్నాయి. ఎందుకో చెప్తాను. రాజు పోయాడు, సొంత ప్రభుత్వం ఇంకా రాలేదు, అలాంటి దేశాన్ని ఒంటరిగా వదిలేస్తే మళ్ళీ కొట్టుకుంటారు. అందుకని కొన్నాళ్ళు బయటివాళ్ళు దగ్గరుండి చూస్తారు. సైకిల్ నేర్పేటప్పుడు వెనక సీటు పట్టుకుని పరుగెత్తుతాం చూడండి, అలాంటిదే. తొక్కేది పిల్లే. పడకుండా చూసేది మాత్రం మనం.

అలా చూడడానికి ఓర్లా అనే ఆవిడను పంపారు. ఎక్కడో మంచు కురిసే దేశం ఆవిడది. లంక భాష పుస్తకాల్లో చదివి నేర్చుకుంది. ఓపికున్న మనిషి. వచ్చీ రాగానే ఆ పన్నెండు మందిని విడిచిపెట్టమని అవతలి ఒడ్డు అధికారికి ఉత్తరం రాసింది. ఆయన జవాబు రాశాడు. లంకకు సొంత పెద్ద ఏర్పడి, ఆ పెద్ద స్వయంగా వచ్చి పిలిస్తే తప్ప వీళ్ళు రారు, ఇంకెవరు పిలిచినా లాభం లేదన్నాడు. పైగా ఇంకో నెలకు ఏరు పొంగుతుంది. పొంగితే మూడు నెలలు పడవ కదలదు.

మరిడమ్మ ఆ ఉత్తరం చదివించుకుని వింది. "అమ్మగారూ, ఆ సొంత పాలనేదో తొందరగా నేర్పించెయ్యండి. మా ఆయన వచ్చాక కావాలంటే తీరిగ్గా మర్చిపోతాం" అంది.

సరే, ఓర్లా అందరినీ పోగుచేసింది. ఇక మీదట తాను చూడకుండా ఎవరూ ఏ పనీ చేయొద్దని మొదటి మాటగా చెప్పింది. లంకంతా మూడుసార్లు వల్లించింది. ఆవిడకు ముచ్చటేసింది కూడా.

మర్నాడు పొద్దున్నే గుడారం తెర తీసి చూస్తే, నాలుగువందల మంది వేపపుల్లలు నోట్లో పెట్టుకుని వరసగా నిలబడి ఉన్నారు. ఎవరూ కదలడం లేదు. ఏమిటని అడిగింది. లంకలో అందరికన్నా తెలివైనవాడని పేరున్న సన్యాసినాయుడు ముందుకొచ్చి, పళ్ళు తోముకోవాలి, మీరు చూడాలి అన్నాడు. ఆవిడ చూసింది. తరవాత గంజి తాగడం చూసింది. తరవాత స్నానాలంటే, అవి మాత్రం వీపు తిప్పుకుని చూసింది. మధ్యాహ్నం భోజనాల వేళకు నాలుగువందల మంది నమలడం చూసి చూసి ఆవిడ దవడలు నొప్పెట్టాయి. ఈలోగా ఒకాయన ఆయాసపడుతూ పరుగెత్తుకొచ్చాడు. తన గేదె ఈనుతోందట. అమ్మగారు వచ్చేదాకా ఆగమని చెప్పి చూశాడట, అది వినడం లేదట.

ఓర్లా ఓపికగా వివరించింది. నేను చూడాల్సింది ప్రభుత్వం పనులు మాత్రమే, మీ పళ్ళు మీరు తోముకోవచ్చు అని. లంకవాళ్ళకు అది కాస్త వెలితిగా అనిపించింది గానీ ఒప్పుకున్నారు.

తరవాత ఎన్నిక. పెద్ద పదవికి ఇద్దరు నిలబడ్డారు, మరిడమ్మ, సన్యాసినాయుడు. మరిడమ్మ గుర్తు తెడ్డు, నాయుడి గుర్తు గొడుగు. తెర వెనక బల్ల మీద కాగితం ఉంటుంది, వేలికి సిరా అద్దుకుని నచ్చిన బొమ్మ మీద వేలిముద్ర వేసి, కాగితం పెట్టెలో వేయాలి. ఇంతవరకు తేలికే. అప్పుడు ఓర్లా రెండు జాగ్రత్తలు చెప్పింది. ఎవరు ఎవరికి వేశారో ఏ మనిషికీ తెలియకూడదు. పెట్టె తాళంచెవి ఎవరి చేతికీ చిక్కకుండా దాచాలి.

సన్యాసినాయుడు తాళంచెవి తీసుకుని చాలాసేపు ఆలోచించాడు. దేశంలో అన్నిటికన్నా గట్టి తాళం దేనికి వేశారు? ఆ పెట్టెకే. అంతే, ఓట్లు వేసే కంతలోంచి తాళంచెవిని లోపలికి జారవిడిచాడు.

ఇక ఓట్లు. ప్రతివాడూ తెర వెనక్కి వెళ్ళేముందు కళ్ళకు గట్టిగా గుడ్డ కట్టుకుని వెళ్ళాడు. ఇదేమిటయ్యా అని ఓర్లా ఒకణ్ణి ఆపి అడిగింది. ఏ మనిషికీ తెలియకూడదన్నారు కదమ్మా, నేనూ మనిషినే కదా అన్నాడు వాడు.

సాయంత్రం పెట్టె పగలగొట్టారు. తాళంచెవి దొరికింది. కాగితాలన్నీ తెల్లగా మెరుస్తున్నాయి, ఒక్కదాని మీదా ముద్ర లేదు. వేలిముద్రలన్నీ బల్ల మీద ఉన్నాయి. మూడువందల తొంభై ఒకటి. ఇంకేముంది, బల్ల గెలిచింది. సన్యాసినాయుడు పెద్దమనిషి కాబట్టి ఓటమి ఒప్పుకుని బల్లకు దండ వేశాడు. పాత రాజుగారికి రెండే కాళ్ళుండేవి, ఈయనకు నాలుగున్నాయని జనం మురిసిపోయారు. అప్పటికప్పుడే ఇద్దరు అన్నదమ్ములు చేను తగాదా పట్టుకొచ్చి బల్ల ముందు వాదించుకున్నారు. బల్ల ఏమీ అనకపోయేసరికి వాళ్ళే అలసిపోయి రాజీపడి వెళ్ళారు. చాలా మంచి తీర్పని చెప్పుకున్నారు.

మరిడమ్మ మాత్రం ఒక్క క్షణం ఆగలేదు. సొంత పెద్ద ఏర్పడ్డాడు, స్వయంగా వెళ్ళి పిలవాలి. బల్లను నెత్తిన పెట్టుకుని రేవుకు తీసుకుపోయి పడవలో కూర్చోబెట్టింది. బయలుదేరే ముందు ఒకసారి పిలిచి చూపించమని బతిమాలింది. గవరయ్యా అను చాలు అంది. బల్ల అనలేదు. అప్పుడు రేవులో కూలబడి ఏడ్చింది.

ఆ ఏడుపు చూసి ఓర్లా మళ్ళీ ఎన్నిక పెట్టింది. ఈసారి కళ్ళు తెరుచుకుని వేయమంది. వేశారు. రెప్ప కూడా వేయకుండా వేశారు, కళ్ళు ఎర్రబడ్డాయి, కానీ మరిడమ్మ గెలిచింది.

అప్పటికి ఏట్లో నీళ్ళ రంగు మారుతోంది. వరద రేపో ఎల్లుండో అన్నట్టుంది. ఇక మిగిలింది ఒక్క పరీక్ష. ఒకరోజంతా బయటివాళ్ళ సాయం లేకుండా వాళ్ళ పాలన వాళ్ళు చేసుకోవాలి. అది సవ్యంగా జరిగితే ఓర్లా తన పుస్తకంలో సంతకం పెట్టి వెళ్ళిపోవచ్చు. అందుకని ఆ ఉదయం ఆవిడ ఏమందంటే, "ఇవాళ పొద్దు గూకేదాకా నేను ఇక్కడ లేనట్టే అనుకోండి." ఈ ఒక్కమాట అనకుండా ఉండాల్సింది.

మూడుసార్లు వల్లించారు. అంతే, మూడోసారి పూర్తవుతుండగానే ఒకాయన వచ్చి ఆవిడ కూర్చున్న కుర్చీలో, అంటే ఆవిడ ఒళ్ళో, కూర్చున్నాడు. గుడారం ఖాళీగా ఉందని ఎవరో ఆ కొత్తగా ఈనిన గేదెను తెచ్చి కట్టేశారు. ఓర్లా కేకలు పెడితే, గాలి బాగా వీస్తోంది, వరద తప్పదు అనుకున్నారు.

ఆవిడ దగ్గర ప్రభుత్వ ముద్ర ఉంది. ఆ ముద్ర లేకుండా మరిడమ్మ పిలుపు చెల్లదు. ఇవ్వబోతే మరిడమ్మ తీసుకోదు, లేని మనిషి చేతిలోంచి ఎలా తీసుకుంటుంది? ఓర్లా ముద్రను తీసి మరిడమ్మ కాళ్ళ దగ్గర పెట్టింది. ఎవరో ముద్ర పారేసుకున్నారు పాపం అంటూ మరిడమ్మ లంకంతా దండోరా వేయించింది. ఎవరూ తమదనలేదు. ఓర్లా అనలేదా అంటే, అంది, చాలాసార్లు అంది.

పొద్దు నడినెత్తికి వచ్చింది. అప్పుడు మరిడమ్మ ముద్రను తిప్పి చూసింది. దాని మీద బుడమలంక ప్రభుత్వం అని చెక్కి ఉంది. "ప్రభుత్వం పారేసుకుందన్నమాట. ప్రభుత్వమంటే ఎవరు? నేనే. పోనీలే, దొరికింది" అని కొంగున ముడివేసుకుంది. లంక సొంత పాలనలో మొదటి తీర్పు అది. ఓర్లా చప్పట్లు కొట్టింది, ఎవరికీ వినిపించకపోయినా.

పడవ బయలుదేరింది. ఓర్లా కూడా ఎక్కింది. ఆ చోటు ఖాళీగా ఉందని సన్యాసినాయుడు వలల గంప తీసి ఆవిడ ఒళ్ళో పెట్టాడు.

అవతలి ఒడ్డున జైలు అంటే ఒక పాత పెంకుటిల్లు. దాని వసారాలో ఒక కర్ర స్తంభం, ఆ స్తంభాన్ని చుట్టూ పట్టుకుని పన్నెండు మంది. తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. అధికారి పరుగున ఎదురొచ్చి మరిడమ్మ చేతులు పట్టుకున్నంత పని చేశాడు. తలుపులు తీసి ఆరు నెలలైందమ్మా, వెళ్ళమంటే వెళ్ళరు అన్నాడు. పట్టుబడిన రోజున కాపలావాడు వీళ్ళతో, నేను వచ్చి చెప్పేదాకా ఈ స్తంభం వదలకండి అని భోజనానికి వెళ్ళాడట. అన్నం తింటుండగానే వాడికి దూరపు సరిహద్దుకు బదిలీ అయ్యిందట. రెండేళ్ళుగా వీళ్ళు ఒంటిచేత్తో తింటున్నారు, నిలబడి నిద్రపోతున్నారు.

మరిడమ్మ ముద్ర చూపించి మొగుణ్ణి పిలిచింది.

"రావాలనే ఉంది మరిడీ," అన్నాడు గవరయ్య. "స్తంభం వదలొద్దన్నారే."

"కదలొద్దన్నారా?"

గవరయ్య మిగతా పదకొండు మంది మొహాలూ చూశాడు. అబ్బే, ఆ మాట అనలేదన్నారు అందరూ.

ఇంకేముంది, నిమిషంలో స్తంభం పీకేశారు. ఓర్లా వద్దు వద్దని అడ్డం పడింది గానీ అక్కడ ఆవిడ లేదు కదా, ఆవిడలోంచే నడిచిపోయినంత పని చేశారు. వసారా కప్పు కూలింది. పెంకుల కింది నుంచి అధికారి చెయ్యి ఊపుతూ, ఫరవాలేదు తల్లీ, స్తంభం కూడా మీరే ఉంచుకోండి అన్నాడు. పడవ లంక చేరేసరికి పొద్దు గూకింది. అప్పుడు అందరూ ఓర్లాను చూసి, అరె అమ్మగారు వచ్చారే, పొద్దుటినుంచీ ఎక్కడికి వెళ్ళారని అడిగారు. ఆవిడ వలల గంప దించుకుని, పుస్తకం తీసి, సంతకం పెట్టేసింది. వాళ్ళ మనుషుల్ని వాళ్ళు తెచ్చుకున్నారు, ఎవరికీ పెద్ద దెబ్బ తగల్లేదు, ఇంకేం కావాలి.

ఆ రాత్రే ఏరు పొంగింది. మూడు నెలలు ఓర్లా కదల్లేకపోయింది. ఈలోగా లంకవాళ్ళు ప్రభుత్వానికి పెద్ద తాటాకుల ఇల్లు కట్టారు. నడిమధ్యన ఒక స్తంభం కావాలి. స్తంభం ఉండనే ఉంది. పాతడానికి గొయ్యి తవ్వబోతే సన్యాసినాయుడు నవ్వాడు. పన్నెండు మంది పట్టుకుని ఉండగా గొయ్యి ఎందుకన్నాడు. నిజమే అనుకుని స్తంభం నిలబెట్టి, దాని మీద కప్పంతా వేశారు. మరిడమ్మ రోజూ అక్కడే కొలువు తీర్చి, మధ్యాహ్నం మొగుడి నోట్లో ముద్దలు పెట్టేది. కానీ మొగుడు ఇల్లు చేరితే గదా. అందుకని ఆ కాపలావాణ్ణి వెతికి పంపమని ముద్ర వేసి ఉత్తరం రాసి, పడవ కదలదు కాబట్టి బాణానికి కట్టి అవతలి ఒడ్డుకు వేయించింది.

వరద తీసింది. మొదటి పడవలో కాపలావాడు వచ్చాడు. అదే పడవలో ఓర్లా వెళ్ళిపోవాలి, ఆవిడ పెట్టె ఎక్కించారు. వీడ్కోలు చెప్పడానికి లంక లంకంతా ప్రభుత్వపు ఇంట్లో చేరింది. కాపలావాడు ఆ పన్నెండు మందినీ చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "అయ్యలారా, ఇక వదిలెయ్యండి" అన్నాడు.

"వదిలెయ్యాలి" అన్నారు పన్నెండు మందీ. ఓర్లా తల ఎత్తి కప్పుకేసి చూసింది. "వదిలెయ్యాలి" అన్నారు రెండోసారి. ఆవిడ చూపు స్తంభం పొడుగునా కిందికి దిగింది. మూడోసారి అనేలోగా ఆవిడ గుమ్మం దాటేసింది.

అంతే.

తాటాకులు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. కప్పులోంచి ఒక్కో తలా పైకి వచ్చింది, ఆకుమడిలో నారు మొలిచినట్టు. మరిడమ్మ తల పక్కనే గవరయ్య తల. రెండేళ్ళ మూడు నెలల తరవాత అతని రెండు చేతులూ ఖాళీగా ఉన్నాయి, ఆమె జుట్టులోంచి ఆకు ముక్కలు ఏరుతున్నాడు. సన్యాసినాయుడు అన్నిటికన్నా ఎత్తున తల పెట్టి, ఒక్క అక్షరం అటూ ఇటూ కాలేదు చూశారుగా అమ్మగారూ, మా సంగతి ఇక బెంగపడకుండా వెళ్ళండి అన్నాడు.

ఓర్లా ఆ తలల పొలాన్ని కాసేపు చూసింది. నిట్టూర్చి రేవుకేసి తిరిగింది. పెట్టె ఎక్కగానే బయలుదేరమన్నారట, అప్పటికే పడవ ఒడ్డు వదిలి, ఏటి నడుమ మలుపు తీసుకుంటోంది. ఆవిడ రెండు చేతులూ నోటి చుట్టూ దొప్పలా పెట్టుకుని, తాను వెళ్ళడం లేదనీ పెట్టె దించెయ్యమనీ పడవవాడికి కేక వేసింది.

పడవవాడు లంకవాడే. తెడ్డు పక్కన పెట్టి, పెట్టె దించెయ్యాలి అని మూడుసార్లు గట్టిగా వల్లించాడు. తరవాత పెట్టెను రెండు చేతులా జాగ్రత్తగా ఎత్తి, ఎక్కడా దెబ్బ తగలకుండా, ఏట్లోకి దించాడు.