రాణి రూపాయికి పెట్టిన వంక

అనగనగా అన్నానని రాజులు గుర్రాలెక్కి తిరిగిన కాలం అనుకునేరు పిల్లలూ, అంత పాతదేమీ కాదు. తెల్లదొరలు ఓడలెక్కి వెళ్లిపోయారు, వాళ్ల రాణి బొమ్మ వేసిన రూపాయలు మాత్రం మన పెట్టెల్లోనూ అటకల మీదా ఉండిపోయాయి. ఆ రోజుల్లో కృష్ణ ఒడ్డున తుమ్మలరేవు అనే ఊళ్లో పానకాలు అనే పాతనాణేల వర్తకుడు ఉండేవాడు.

ఇత్తడి కొట్ల వరసలో చిట్టచివరిది అతని కొట్టు. పెద్ద కొట్టేమీ కాదు. ఒక చాప, ఒక చెక్కపెట్టె, ఒక భూతద్దం, చిన్న తక్కెడ. పెట్టెలో మఖమల్ గుడ్డ మీద దొరల కాలపు రూపాయలూ, అర్ధరూపాయలూ, అణాలూ, కానులూ వరసగా పడుకుని ఉండేవి. పానకాలుకు వాటి మీద ప్రేమ లేదంటే పాపం వస్తుంది. నాణేన్ని రాతి మీద వేసి మోగిస్తే చాలు, వెండి ఎంతో కల్తీ ఎంతో కళ్లు మూసుకుని చెప్పేవాడు. కానీ ఆ ప్రేమ పక్కనే పేరాశ కూడా చాప పరుచుకుని కూర్చుంది. చిక్కంతా దానితోనే వచ్చింది.

ఆ వ్యాపారంలో ఒక సంగతి ఉంది. పాత వెండి నాణేనికి ఏళ్ల తరబడి గాలి తగిలి నల్లటి పొర పడుతుంది. చూడ్డానికి మసి పట్టినట్టే ఉంటుంది. ఆ పొర కిందే రాణిగారి జడ పాయలూ, కిరీటంలో పూసలూ, అంగీ మీది పువ్వులూ అచ్చు పడిన నాటిలాగే ఉంటాయి. నాణేలు కూడబెట్టే సరదా ఉన్న పట్నం బాబులు ఆ నలుపు చూసే డబ్బు పోస్తారు. దాన్ని పట్టి తోమారో, పొర పోతుంది, పొరతోపాటు పనితనమూ పోతుంది. ఇక మిగిలేది ఉత్త వెండి బిళ్ల. ఇది పానకాలుకు తెలుసు. అమ్మడానికి వచ్చేవాళ్లకు తెలియదు. అందుకని అతను వాళ్లకు సరిగ్గా తలకిందులుగా చెప్పేవాడు.

మొదట పడవ నడిపే గంగులు వచ్చాడు. రేవులో మేకు పాతుతుంటే దొరికాయని గుప్పెడు రాగి కానులు తెచ్చాడు.

"నల్లగా బొగ్గుల్లా ఉన్నాయి కదయ్యా గంగులూ! పాత సామాన్లవాడు కూడా ముట్టుకోడు" అన్నాడు పానకాలు ముక్కు చిట్లించి.

"ఏదో మీ దయ, పానకాలుగారూ" అని గంగులు ఇచ్చినంత పుచ్చుకుని పోయాడు.

తరవాత దర్జీ మస్తాను వచ్చాడు. వాళ్ల నాన్న కత్తెర పెట్టెలో అడుగున ఉండిపోయిన అర్ధరూపాయి తెచ్చాడు. దానికీ అదే వంక. మస్తాను కాసేపు బేరమాడి చూశాడు, చివరికి బుర్ర గోక్కుని ఇచ్చేశాడు. పట్నం బాబు వచ్చి ఆ కానుల్నీ, ఆ అర్ధరూపాయినీ కళ్లకద్దుకుని కొనుక్కుపోయాడు. ఆ పూట పానకాలు ఇంట్లో పాయసం వండుకున్నారు.

ఇన్ని నాణేలు చేతులు మారినా పానకాలు మనసంతా ఒక్కదాని మీదే. రాణి మెడ కింద ఆవగింజంత చుక్క ఉండే రూపాయి అది. ఆ చుక్క ఉన్న అచ్చు తొందరగా విరిగిపోయిందనీ, ఆ రూపాయలు బహు కొద్దిగా పడ్డాయనీ వర్తకులు చెప్పుకునేవారు. పానకాలు దాన్ని బొమ్మలో చూడటమే గాని చేత్తో పట్టుకున్నది లేదు. "అది ఒక్కసారి నా అరచేతిలో పడితే అమ్మనే, నా దగ్గరే ఉంచుకుంటానే" అని పెళ్లాంతో అనేవాడు. ఆవిడ నవ్వి ఊరుకునేది.

ఒకనాడు పొద్దున్నే నాంచారమ్మ అనే ముసలామె కొట్టుకొచ్చింది. పెళ్లిళ్లలో వంటపాత్రలు తోమడం ఆమె పని. ఆమె తోమిన గుండిగలో మొహం చూసుకుని బొట్టు పెట్టుకోవచ్చని ఊళ్లో పేరు. ఆ పేరు తెచ్చిపెట్టిన చేతులు మాత్రం చింతపండుకూ బూడిదకూ నాని, పగుళ్లు దేరి, చూడటానికే బాధగా ఉండేవి.

"అయ్యా, పొయ్యిగడ్డ మళ్లీ వేసుకుందామని తవ్వితే ఇది కనపడింది. మా అత్త దాచుకున్నట్టుంది. ఎంత చేస్తుందో చూసి చెప్పండి. ఒక పాడిగేదెను కొనుక్కోవాలని ఆశ. ఈ చేతులతో ఇంకెన్నాళ్లు తోముతాను?" అంది.

గుడ్డముక్క విప్పింది. పానకాలు భూతద్దం పెట్టాడు. జడ పాయలు లెక్కపెట్టుకోవచ్చు. కిరీటంలో పూసలు పూసలుగానే ఉన్నాయి. మెడ కింద ఆవగింజంత చుక్క! ఇన్నేళ్లూ బొమ్మలో చూసిన రూపాయి అదే. భూతద్దం దించి, ఏమీ పట్టనట్టు మొహం పెట్టాడు.

అప్పుడైనా నిజం చెప్పొచ్చు కదా? చెప్పలేదు. ఏళ్ల తరబడి అలవాటుపడ్డ నోరు తనంతట తానే తెరుచుకుంది.

"ఏముందమ్మా, నల్లగా మసి పట్టిపోయింది. ఇలాంటిది ఎవరు కొంటారు? వెండి తూకానికైతే తీసుకుంటాను."

నాంచారమ్మ మొహం చిన్నబోయింది. బేరం తగ్గినందుకు కాదు, సిగ్గుతో. "అయ్యో, నిజమే. ఇంత మురికి వస్తువు తెచ్చి పొద్దున్నే మీ చేతిలో పెట్టాను. నా బుద్ధి ఏమైంది? ఊరందరి గిన్నెలూ తోమేదాన్ని, నా రూపాయి తోముకోలేనా? తోమి తెస్తాను, అప్పుడు చూద్దురుగాని" అని రూపాయి తీసుకుని గుప్పిట మూసింది.

పానకాలు చాప మీంచి సగం లేచాడు.

"వద్దు వద్దు! పరవాలేదు, అలాగే ఇచ్చెయ్యి."

"మీకు నష్టం కదయ్యా."

"తూకానికి రెట్టింపు ఇస్తానమ్మా, ఇచ్చెయ్యి."

"మురికి దానికి రెట్టింపా? నా గోడు విని జాలిపడ్డారు. వద్దయ్యా, ఇంతవరకూ ఒకరి దగ్గర ఊరికే పుచ్చుకోలేదు."

"పోనీ, ఒక గేదెదూడ వచ్చేంత ఇస్తాను. సరేనా?"

నాంచారమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఎంత మంచివారు బాబూ మీరు! ఇంత మంచివారికి మసి పట్టింది అంటగట్టి పోతే నాకు అన్నం సహించదు" అని లేచి నిలబడింది.

ఒక్క మాట చాలు. "తోమకమ్మా, ఆ నలుపే దాని విలువ." ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ అది బయటపెడితే ఇందాక చెప్పింది అబద్ధమని ఒప్పుకోవాలి. ఆ కబురు వీధిలో పాకుతుంది. గంగులు వస్తాడు, మస్తాను వస్తాడు. పైగా ఈ ముసలామెకు దూడ కాదు, ఈనిన గేదెల్నే ఇవ్వాల్సి వస్తుంది. పానకాలు ఆ మాటను మింగేశాడు. నాంచారమ్మ రూపాయిని కొంగున ముడి వేసుకుని వెళ్లిపోయింది.

"ఎక్కడ తోముతుందిలే. ఇవాళ ఏ పెళ్లివాళ్లో పిలిచే ఉంటారు. తీరిక ఎక్కడిది?" అని తనకు తాను చెప్పుకున్నాడు. బేరానికి వచ్చినవాళ్లతో పరధ్యానంగా మాట్లాడాడు. అణా అడిగితే అర్ధరూపాయి చూపించాడు. మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని కలుపుతూ ఉండిపోయాడే గాని ముద్ద ఎత్తలేదు. ఇక ఉండబట్టలేక, పొద్దు వాలుతుండగా కొట్టు మూసి కాలవగట్టు మీద పరుగులాంటి నడకతో నాంచారమ్మ గుడిసెకు వెళ్లాడు. దారిపొడుగునా ఆ ఒక్క మాటే వల్లె వేసుకున్నాడు. ఈసారి చెప్పేస్తాను, గేదెనే ఇస్తాను, అనుకున్నాడు. అనుకున్నందుకు పాపం అతనికే హాయిగా కూడా అనిపించింది.

నాంచారమ్మ గుమ్మంలోనే కూర్చుని ఉంది. పక్కన చింతపండు గుజ్జు, పిడికెడు బూడిద, కొబ్బరిపీచు. అతన్ని చూడగానే మొహం విప్పారింది.

"నేనే వద్దామనుకుంటున్నా, మీరే వచ్చారు! చూడండయ్యా. పెళ్లి పని కూడా మానుకుని దీనిమీదే కూర్చున్నాను. ఇంత మొండి నలుపు నా జన్మలో చూడలేదు!"

ఆమె అరచేతిలో రూపాయి తళతళలాడుతోంది.

పానకాలు ఆమె చేతిలోంచి రూపాయి అందుకున్నాడు. భూతద్దం తీశాడు. జడ ఉన్నచోట నున్నటి బుడిపె ఉంది. పూసలన్నీ కలిసి గీత అయ్యాయి. చుక్క కోసం వెతికాడు. అద్దం తిప్పి తిప్పి, వెలుతురు వైపు తిరిగి వెతికాడు. చుక్క లేదు.

"ఇప్పుడెంత చేస్తుందయ్యా?" అని అడిగింది నాంచారమ్మ ఆశగా.

"వెండి తూకం" అన్నాడు.

పొద్దున అబద్ధంగా చెప్పిన ధర సాయంత్రానికి నిజమైంది. అతని జీవితంలో ఒక నాణేనికి ఉన్నదున్నట్టు కట్టిన మొదటి ధర అదే కాబోలు.

నాంచారమ్మ కంగారుపడింది. "ఇంకా ఎక్కడైనా నలుపు ఉందా అయ్యా? నా కళ్లకు ఆనదు. ఇలా ఇవ్వండి, ఇంకోసారి తోముతాను" అని చెయ్యి చాపింది. చాపిన వేళ్ల కొసలు ఎర్రగా చిట్లి ఉన్నాయి.

ఆ వేళ్లు చూసి పానకాలు తట్టుకోలేకపోయాడు. నేల చూపులు చూస్తూ అంతా చెప్పేశాడు. నలుపు సంగతి, చుక్క సంగతి, గేదెల సంగతి. గంగులు, మస్తాను సంగతి కూడా దాచలేదు. నాంచారమ్మ అడ్డం రాకుండా విన్నది. తిట్టలేదు, శాపం పెట్టలేదు. తిట్టినా బాగుండేదని పానకాలుకు అనిపించింది.

ఆమె ఒక్కటే అడిగింది. "తోమొద్దు అని ఒక్క ముక్క అని ఉంటే, నేను చెయ్యి పెట్టేదాన్నా అయ్యా?"

పానకాలు మొలలో దాచుకుని తెచ్చిన సంచీ తీసి ఆమె ముందు పెట్టాడు. "గేదెకు సరిపోతుంది. తీసుకో తల్లీ. నీ కాళ్లు పట్టుకుంటాను."

నాంచారమ్మ సంచీ విప్పి, వెండి తూకానికి ఎంతవుతుందో అంతే తీసుకుని, మిగిలింది అతని వైపు జరిపింది. "ఇంతే కదా దీని ఖరీదు. మీరే చెప్పారు. పొద్దున నల్లగా ఉందని వంక పెట్టారు, ఇప్పుడు తెల్లగా అయిందని ఏడుస్తున్నారు. రేపు ఈ డబ్బుకు ఏ వంక పెడతారో నాకేం తెలుసు? నాకొద్దు" అంది. ఆపైన లేచి బూడిద ఎత్తి చాటలో పోసుకుంది. మర్నాడు ఎవరింట్లోనో పెళ్లి, తెల్లవారేసరికి గుండిగలు తోమాలి.

పానకాలు మర్నాడు గంగులుకూ మస్తానుకూ రావలసింది ఇచ్చేశాడు. వాళ్లు తీసుకున్నారు. నాంచారమ్మకు మాత్రం ఎన్నిసార్లు కబురు చేసినా ఆమె కొట్టు మెట్టు ఎక్కలేదు. వీధిలో ఎదురైతే పక్కకు తప్పుకుని పోయేది, అంతే. పగిలిన ఆ చేతులు చూసినప్పుడల్లా అతను తల వంచుకునేవాడు.

ఆ తరవాత అతను ఎవరి నాణేనికీ వంక పెట్టలేదు. "దీన్ని తోమకండి బాబూ, కడగను కూడా కడగకండి" అని ముందుగా చెప్పి, పిమ్మటే ధర కట్టేవాడు. నున్నటి ఆ రూపాయిని కొట్టు ముందుభాగాన, వచ్చిన ప్రతివాడికీ కనబడేలా ఉంచాడు. దాన్ని కొనేవాడు లేడు, అతను అమ్మేవాడూ కాడు. పట్నం బాబులు దాన్ని చూసి నొచ్చుకునేవారు.

"అయ్యో, ఇంత మంచి రూపాయిని తోమి పాడుచేసిందెవరండీ?" అని అడిగేవారు.

"నేనే" అనేవాడు పానకాలు.

కనుక పిల్లలూ, కారుచౌకగా కొట్టెయ్యాలని మంచి వస్తువుకు లేని వంక పెడితే, మన మాట నమ్మిన అమాయకుల చేతుల్లోనే ఆ వస్తువు పాడైపోతుంది, వాళ్ల నమ్మకం కూడా మళ్లీ మనకు దక్కదు.