సంతవాకిలి తీగకు తొలి ముడి

ఇప్పలకోన అనే అడవిలో ఎలుగుబంట్లు, కుందేళ్లు, కోతులు, నెమళ్లు, ముళ్ళపందులు ఉండేవి. వాటికి రాజు సింహం. అడవి మధ్యగా ఒక వాగు పారేది. వాగు ఒడ్డున ఇప్పచెట్ల కింద ఒకప్పుడు వారం వారం పెద్ద సంత జరిగేది. ఆ సంత ఆగిపోయి చాలా ఏళ్లయింది. ఎందుకు ఆగిపోయిందో చెప్తాను, తొందరపడకండి.

ఆ సంతను కళ్లారా చూసినవాళ్లలో ముళ్ళపంది పోలమ్మ ఒకతె. ఇప్పుడు పాపం ముసలిదైపోయింది. చిన్నప్పుడు అమ్మ వెనకాలే దుంపలు మోసుకుంటూ సంతకు వెళ్లేది. అక్కడ అమ్మకు ఒక చదును రాయి ఉండేది. అమ్మ ఆ రాయి మీద దుంపలు పేర్చేది. ఎలుగుబంట్లు తేనెపట్లు తెచ్చేవి. కోతులు పనసపళ్లు దించేవి. వాగు అవతలి గట్టు నుంచి కుందేలు బూరమ్మ వాళ్లమ్మతో కలిసి చిగురాకు తెచ్చేది. పెద్దవాళ్లు బేరాలాడుతుంటే పోలమ్మా బూరమ్మా ఇప్పపూలు ఏరుకు తినేవారు. ఆ పూల వాసన, తేనె వాసన కలిసి వచ్చేది చూడండీ, అది తలుచుకుంటే పోలమ్మకు ఇప్పటికీ కళ్లు చెమ్మగిల్లుతాయి.

సంత వాకిట్లో రెండు చెట్ల నడుమ ఒక తీగ కట్టి ఉండేది. దానికి ఒకే ఒక్క ముడి. లోపలికి వెళ్లేది ఎవరైనా సరే, ఆ ముడిని తాకి వెళ్లాలి. "ఎందుకమ్మా?" అని పోలమ్మ అడిగితే, "ముందు తాకి పద, ఎండెక్కుతోంది" అనేది వాళ్లమ్మ. ఎందుకో చెప్పకుండానే ఆ తల్లి పోయింది.

తరవాత వాకిలి కాపలా నక్కలకు వచ్చింది. ఒకసారి పనసతొన మీద కాలేసి ఒక కోతి జారిపడింది. వెంటనే తాత నక్క తీగకు ఇంకో ముడి వేసి, "ఇకమీదట సంతకు పనసపండు తేకూడదు" అంది. ఒక చిలక అరుపుకు నెమలి ఉలిక్కిపడింది. ఇంకో ముడి పడింది. చిలకలు నోరెత్తకూడదట! జారిపడ్డ కోతి పోయింది, ఉలిక్కిపడ్డ నెమలీ పోయింది. ముడులు మాత్రం పోలేదు. ఒక్కటి కూడా ఎవరూ విప్పలేదు. ముడి ముడికీ కొత్త తీగ చేరి, అల్లుకుని అల్లుకుని చివరికి వాకిలే మూసుకుపోయింది, సంత ఆగిపోయింది. నక్కల అనుమతి లేనిదే ఏ సరుకూ వాగు దాటకూడదన్నది ఆఖరి ముడి.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. అవతలి గట్టున గడ్డి మాడిపోయింది. బూరమ్మ ఒక పావురంతో కబురు పంపింది. "పోలీ, మనవలు ఆకలికి ఏడుస్తున్నారే. నీ దగ్గర దుంపలుంటే వాగు దాటించు. మా గట్టున కుంకుడుకాయలు, మందు వేళ్లు బోలెడున్నాయి, బదులిస్తాను."

పోలమ్మ ఇంట్లో దుంపలు తినేవాళ్లు లేక కుళ్లిపోతున్నాయి. తన చిన్ననాటి నేస్తం మనవలు అటు పస్తులుంటున్నారు. తెల్లారగానే ఇప్పుడు వాకిలి కాస్తున్న నక్క గుమాస్తా దగ్గరికి పరుగెత్తింది.

"అయ్యా, దుంపలు వాగు దాటించాలి. అనుమతి ఇప్పించండి."

"అలాగే. సరుకు ఇక్కడికి తెచ్చి చూపించు."

"తెస్తాను."

"ఆగాగు! సరుకు కదపడానికి అనుమతి ఉందా?"

"దానికోసమేగా వచ్చాను!"

"సరుకు చూడకుండా అనుమతి ఎలా ఇస్తారమ్మా?" అని నక్క ఆవులించింది.

పోలమ్మ కళ్లనీళ్లు తుడుచుకుంటూ వెనక్కి తిరిగింది. దారిలో నల్లబండ మీద ఆలోచన మండలి కూర్చుని ఉంది. అందులో ఒక కొంగ, ఒక ముంగిస, వాటికి పెద్ద వడ్రంగిపిట్ట టకటకయ్య. అడవి చట్టాలు బాగుచేయాలని వాళ్ల తపన. మోదుగాకుల మీద ముక్కుతో గీసి రాజుగారికి నివేదికల మీద నివేదికలు పంపేవాళ్లు. టకటకయ్యకు తెలివి ఉంది. ఆ తెలివి తనకొక్కడికే ఉందనే జబ్బు కూడా ఉంది.

పోలమ్మ గోడు విని అతను మండిపడ్డాడు. "చూశారా! ఎవరి సరుకు వాళ్లు, ఎవరి బేరం వాళ్లు చేసుకుంటే మధ్యలో ఈ నక్క ఎవరండీ? ఆ తీగ మొత్తం తెంపిపారేయాలి. రేపే రాజుగారికి చెప్తాను."

"నీ నోటి మాట ఫలించాలి నాయనా," అంది పోలమ్మ. "కానీ మొత్తం తెంపకు. ఒక్కో ముడినీ పట్టుకుని, ఇది ఎందుకు పడిందో కనుక్కుని విప్పుదాం. అన్నిటికంటే అడుగున ఒక ముడి ఉంటుంది. మా అమ్మ కాలంలో అందరం తాకేవాళ్లం."

"అదెందుకు?"

"అదే నాకూ తెలీదు."

టకటకయ్య పకపకా నవ్వాడు. "అవ్వా, నీకే తెలియనిదాన్ని నెత్తిన పెట్టుకోమంటావా? అవన్నీ పాత ముచ్చట్లు. ఇంటికెళ్లి దుంపలు సర్దుకో."

మర్నాడు టకటకయ్య వాదించిన తీరు వింటే రాజుగారికే ఒళ్లు పులకరించింది. "తెంపేయండి!" అని ఆజ్ఞ ఇచ్చాడు. టకటకయ్య స్వయంగా తీగ మీద వాలి టకటకా పొడిచాడు. తీగలన్నీ కుప్పగా కూలాయి. జంతువులన్నీ ఈలలు వేశాయి. నక్క మాత్రం మొహం ముడుచుకుని పొదలోకి పోయింది.

ఇంకేముంది, ఆ ఉదయమే సంత కళకళలాడింది! పనసపళ్లు వచ్చాయి, చిలకలు గోల చేశాయి. పోలమ్మ గబగబా వెళ్లి అమ్మ రాయి మీది దుమ్ము దులిపింది. బూరమ్మకు కబురు పంపి, దుంపలు పేర్చి వాగు వైపు చూస్తూ కూర్చుంది. "ఏదీ మా బూరి, ఇంకా రాలేదే?" అని పదిసార్లు అనుకుంది.

బూరమ్మకంటే ముందు చిరుతపులి వచ్చింది. నేరుగా సంత నడిబొడ్డుకు నడిచి, కొమ్మ మీద కూర్చుని ఉపన్యాసం ఇస్తున్న టకటకయ్య తోకను ఒక్క దూకులో అందుకుంది.

"ఇది అన్యాయం! ఇది సంత!" అని టకటకయ్య కెవ్వుమన్నాడు.

"అయితే?" అంది చిరుత, తోక వదలకుండానే. "మా అమ్మావాళ్లు వాకిట్లో ముడి తాకి, సంతలో ఎవరినీ వేటాడబోమని మాట ఇచ్చి వచ్చేవాళ్లు. ఆ ముడి నువ్వే తెంపావుగా. నేను ఎవరికి మాటిచ్చాను?"

అక్కడే ఉన్న రాజుగారు చిరుతను ఆపబోయి వెనక్కి తగ్గాడు. తెంపమని ఆజ్ఞ ఇచ్చింది తనే మరి!

పోలమ్మ లేచి నిలబడింది. "అమ్మా, ఇందుకా తాకించావు!" అనుకుంది. అంతే, ఒంటి మీది ముళ్లన్నీ నిక్కబొడుచుకుని వెనక్కి తిరిగి వీపుతో చిరుత మూతి మీదికి దూసుకెళ్లింది. చిరుత బాధతో కేక పెట్టింది. టకటకయ్య కిందపడ్డాడు. ప్రాణం దక్కింది గానీ తోక ఈకలు చిరుత గోళ్లలోనే ఉండిపోయాయి.

ఆ గందరగోళం చూసి నక్క పొదలోంచి ఉషారుగా బయటికొచ్చింది. "నేను చెప్పలేదా మహారాజా! ముడులన్నీ మళ్లీ వేసేయమంటారా?"

"ఒక్క క్షణం," అంది పోలమ్మ. కూలిన తీగల కుప్పలో వెతికింది. అడుగున ఒక ముడి దొరికింది. ఎన్ని కాళ్లు తాకాయో, ఎన్ని రెక్కలు తాకాయో, అది నున్నగా నల్లబడి ఉంది. దాన్ని చేత్తో తాకగానే పోలమ్మకు అమ్మ గుర్తొచ్చి ఏడుపొచ్చింది. అలా ఏడుస్తూనే ఆ తీగ ముక్కను రెండు చెట్లకూ కట్టింది.

తరవాత చిరుత దగ్గరికి వెళ్లింది. "నీ మూతిలో ముళ్లు నేనే తీస్తాను. ముందు వెళ్లి దాన్ని తాకిరా."

చిరుత కాసేపు గుర్రుమంది. నొప్పి భరించలేక వెళ్లి తాకింది. దాని వెనకే రాజుగారూ తాకాడు. పోలమ్మ చిరుత మూతిలోని ముళ్లు తీసేసింది.

"మిగతా ముడుల సంగతేంటి?" అని రాజుగారు నక్కను అడిగాడు. "ఒక్కోటీ ఎందుకు పడిందో చెప్పు. నిలిచేది ఉంటే ఉంచుదాం."

నక్క ఒక ముడి తిప్పింది, ఇంకోటి తిప్పింది. ప్రతిదానికీ "మా తాత వేశాడండీ" అంది. ఆ రోజుతో ఆ ముడులూ పోయాయి, నక్క కొలువూ ఊడింది. ఇప్పుడు తన తిండి తనే వెతుక్కుంటోంది.

వడ్రంగిపిట్టకు తోకే ఊతకర్ర. అది లేక టకటకయ్య నెలల తరబడి చెట్టు ఎక్కలేక నేల మీదే గెంతాడు. ఈకలు మళ్లీ మొలిచేదాకా పోలమ్మ రాయి పక్కనే కూర్చుని, సంతకు వచ్చిన ముసలివాళ్లందరినీ పాత సంగతులు అడిగి మోదుగాకుల మీద గీసుకున్నాడు. "అవ్వా, ఆ రోజు నీ మాట వినాల్సింది," అన్నాడు ఒకసారి. "పోనీలే నాయనా, తలుపు తెరిచింది నువ్వేగా," అంది పోలమ్మ.

ఇంతకీ బూరమ్మ వచ్చిందా అంటారా? వచ్చింది. ఆ సాయంత్రమే మనవల భుజాలు పట్టుకుని వాగు దాటింది. దానికి చూపు ఆనడం లేదు. వాకిట్లో చెయ్యి చాపి తడుముకుని, ముడి తగలగానే ఆగిపోయింది.

"ఇది మన ముడేనే పోలీ!" అంది.

"మనదే. తాకి రా బూరీ, పిల్లలు ఆకలిమీదున్నారు," అంది పోలమ్మ, అచ్చం వాళ్లమ్మలాగే.

నీతి: కారణం చచ్చిపోయిన కట్టుబాటును మొయ్యకూడదు, కారణం కనుక్కోకుండా ఏ కట్టుబాటునూ తెంపకూడదు.