వాన రాని నగారా

దస్తగిరికి నగారా అంటే భయం పట్టుకుంది.

గోదావరి ఒడ్డున దర్గాలో ఇనాయత్ బాబా దగ్గర అతను శిష్యుడు. మిగతా శిష్యులు తస్బీ పూసలు తిప్పుతుంటే బాబా ఇతనికి మాత్రం ఆకాశం చూడడం నేర్పాడు. దర్గా ముందే రేవు, నదికి అవతల లంక. ఎండాకాలం సాయంత్రాలు ఉన్నట్టుండి గాలివాన లేస్తుంది. నడి నదిలో దానికి చిక్కిన పడవకు దిక్కుండదు. అందుకని గాలివాన వచ్చేలా ఉంటే దర్గాలో నగారా కొట్టాలి. నగారా మోగితే పడవ నడిపే సరంగు తాడు విప్పడు. ఎంత తొందర పనివాళ్ళున్నా విప్పడు. అది ఆ రేవు కట్టుబాటు.

కట్టుబాటు మంచిదే. కానీ మబ్బు మాట తప్పితే మబ్బునెవరూ తిట్టరు, నగారా కొట్టినవాణ్ణే తిడతారు.

ఆ వేసవిలో దస్తగిరి కొట్టిన రెండుసార్లూ చినుకు పడలేదు. మొదటిసారి జనం నవ్వి ఊరుకున్నారు. రెండోసారి పెళ్ళివారు ఒడ్డునే చిక్కుబడి ముహూర్తం తప్పిపోయింది. పెళ్ళికూతురి మేనమామ అందరి ముందూ, "ఏమయ్యా సాయిబూ, వానదేవుడు నీ చెవిలో చెప్పేడా?" అని దులిపేశాడు. దస్తగిరికి తల కొట్టేసినట్టయింది.

మర్నాడు పొద్దున బాబాతో అన్నాడు.

"ఇక రూఢిగా తెలిస్తేనే కొడతాను బాబా."

"రూఢిగా ఎప్పుడు తెలుస్తుంది నాయనా?"

"వాయవ్యం నుంచి చల్లగాలి తగిలినప్పుడు. అది తగిలాక వాన తప్పదు. మీరు చెప్పిందే."

బాబా నమాజుకు వజూ చేసుకోవడానికి లేచాడు.

వారం తిరక్కుండానే అలాంటి రోజు వచ్చింది. పొద్దున్నుంచీ గాలి లేదు. చెమట ఆరడం లేదు. మధ్యాహ్నం దాటేసరికి కొండల మీద తెల్లటి మబ్బు గోబీపువ్వులా పొంగింది. చూస్తుండగానే ఒకదాని నెత్తిన ఒకటి ఎక్కి, అడుగున నల్లబడింది.

రేవులో పడవ నిండుతోంది. దాళ్వా కోతలకు ఇవతలికొచ్చిన లంక ఆడకూలీలు కొడవళ్ళు చెంగుల్లో చుట్టుకుని ఎక్కుతున్నారు. దస్తగిరి నగారా పక్కన నిలబడ్డాడు. చేతిలో కర్ర ఉంది. కళ్ళు మబ్బు మీదున్నాయి.

"సాయిబూ, తాడిప్పమంటావా?" సరంగు నూకరాజు కేకేశాడు.

"ఆగు. ఇంకొంచెం చూడనీ."

"ఎంతసేపు సూత్తావయ్యా? సీకటడిపోద్ది."

"ఇంటికాడ సంటిపిల్లనొదిలొచ్చేను బాబూ," పడవలోంచి చిట్టెమ్మ అనే ఆమె అంది. "పాలకి ఏడుత్తా ఉంటాది. ఏదోటి సెప్పండి."

మబ్బు నెత్తి కమ్మరి దాగలిలా బల్లపరుపుగా సాగుతోంది. ఎక్కడో దూరాన ఉరిమింది. దస్తగిరి అరచెయ్యి పైకెత్తి చూశాడు. గాలి లేదు. కొడితే మళ్ళీ నవ్వులపాలు. కొట్టకపోతే? ఆ ప్రశ్న వైపు మనసు పోనివ్వలేదు. గాలి తగల్లేదు కదా, తనకు తెలిసింది అంతే.

"సరే, పోనివ్వు," అన్నాడు.

అప్పుడు బాబా తన హుజ్రా గదిలోంచి బయటికొచ్చాడు. దస్తగిరి పక్కనుంచే నడిచి, చేతికర్ర పోటేసుకుంటూ రేవుమెట్లు దిగాడు. లుంగీ మోకాళ్ళదాకా ఎత్తి నీళ్ళలో అడుగుపెట్టాడు. ఇద్దరు ఆడవాళ్ళు చెయ్యందిస్తే పడవెక్కి, చిట్టెమ్మ పక్కన కూర్చున్నాడు. ఆయన లంకకు వెళ్ళి ఏళ్ళయింది. ఈత రాదు.

"బాబా! ఎక్కడికి?"

"లంకకి."

"ఇప్పుడా?"

"పోనివ్వమన్నావుగా."

నూకరాజు తాడు విప్పాడు. గడ ఒడ్డుకు ఆనించి తోశాడు. పడవ కదిలింది. దస్తగిరి మబ్బు వైపు చూశాడు, పడవ వైపు చూశాడు. పై ప్రాణాలు పైనే పోయాయి.

"దిగండి బాబా! రేపు వెళ్దురుగాని!"

"గాలి తగిలిందా?"

"లేదు."

"మరి?"

పడవ లోతులోకి జారింది. నూకరాజు గడ రెండోసారి ఎత్తాడు.

దస్తగిరి కొట్టాడు. పిచ్చెత్తినవాడిలా కొట్టాడు. దర్గా మీది పావురాలన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. నూకరాజు నోటికొచ్చిన తిట్టు తిట్టి, గడ అడ్డంగా పాతి పడవను వెనక్కి తిప్పాడు. ఆడవాళ్ళు ఒక్కొక్కరే దిగారు. బాబా కూడా దిగి ఆఖరి మెట్టు మీద కూలబడ్డాడు.

అందరూ మబ్బు వైపే చూస్తూ కూర్చున్నారు.

మెరిసింది, ఉరిమింది. రేవులోని పడవలు కొంచెం ఊగాయి. వస్తుందనుకున్నారు. మబ్బు మాత్రం కొండల వరసనే పట్టుకుని ఉత్తరంగా నడిచిపోయింది. ఆ మెరుపులన్నీ ఎవరి ఊరి మీదో మెరిశాయి. ఇక్కడ ఒక్క చినుకు పడలేదు. పడమట ఎర్రగా ఎండ కూడా తేలింది.

"ముచ్చటగా మూడోసారండోయ్," అన్నాడు నూకరాజు.

చిట్టెమ్మ దస్తగిరి ముందుకొచ్చి నిలబడింది. రవిక ముందుభాగం పాలతో తడిసి ఉంది. "నా పిల్లకి నీ నగారా పాలిత్తాదా?" అంది. జవాబు కోసం ఆగకుండా వెళ్ళి పడవెక్కింది.

ఈసారి బాబా ఎక్కలేదు. పడవ వెళ్ళిపోయింది. దస్తగిరి మెట్లు దిగి ఆయన పక్కన కూర్చున్నాడు. సిగ్గుతో తలెత్తలేకపోయాడు.

"మళ్ళీ తప్పాను బాబా. వాన రాలేదు."

"రాలేదు."

"రాదని మీకు ముందే తెలుసు కదూ? అందుకే ఎక్కారు."

"అల్లా సాక్షిగా తెలీదు. కాళ్ళింకా వణుకుతున్నాయి చూడు."

నిజంగానే వణుకుతున్నాయి. దస్తగిరి రెండు చేతులతో ఆ పాదాలు పట్టుకున్నాడు.

"మీరు ఎక్కారు గనకే కొట్టాను బాబా. లేకపోతే కొట్టేవాణ్ణి కాదు."

బాబా లుంగీ అంచు పిండుకుంటూ అవతలి ఒడ్డు చేరుతున్న పడవను చూశాడు.

"నేనెక్కకముందు అది ఖాళీ పడవా నాయనా?" అన్నాడు.