ఓబులమ్మ రేగుపళ్ళ మూట

అనగనగా ఒక వానల అడవి. అక్కడ చెట్లు ఎంత దట్టమంటే, పైన వాన వెలిసిపోయినా కింద ఇంకో గంటసేపు చినుకులు రాలుతూనే ఉండేవి. ఆ అడవిలో ఉన్న చెల్లెల్ని చూడటానికి బయల్దేరింది మన ఓబులమ్మ.

ఓబులమ్మ మెట్ట ప్రాంతపు కుందేలు. వాళ్ళ ఊళ్ళో వాన చినుకు పడి మూడేళ్ళయింది. వాగు ఉందన్న పేరేగానీ, అందులో చుక్క నీళ్ళుండవు. ఎండ ముదిరితే అందరూ వాగులోకి దిగి, గట్టు నీడన చల్లటి ఇసకలో కునుకు తీసేవాళ్ళు. ఓబులమ్మకు ముగ్గురు పిల్లలు పుడితే మిగిలింది గోగి ఒక్కతే. ఆ పిల్లను వెంటబెట్టుకుని, చెల్లెలికి ఇష్టమని ఎండు రేగుపళ్ళు మూటకట్టుకుని వచ్చింది.

అడవి మొదట్లో కూర్మయ్య అనే ముసలి తాబేలు ఉండేవాడు. కొత్తవాళ్ళు కనిపిస్తే పిలిచి మరీ మంచీచెడ్డా చెప్పేవాడు.

"అమ్మాయీ, మూడు మాటలు విను," అన్నాడు. "తడి ఆకుల మీద కూర్చోకు, జలగలుంటాయి. దారి తప్పావనిపిస్తే ఉన్నచోటే ఆగు, పరిగెత్తకు. ఇక వాగులో మాత్రం పడుకోకు. తేట నీళ్ళు మురికిగా మారి, ఎండుటాకులు కొట్టుకొచ్చాయంటే మూటాముల్లె చూసుకోకుండా గట్టెక్కు."

"ఇంత ఎండ కాస్తుంటే వరదెక్కణ్ణించి వస్తుంది తాతా?" అని నవ్వింది ఓబులమ్మ.

వాన ఎక్కడో కొండమీద కురుస్తుందనీ, నీళ్ళు మాత్రం ఇక్కడికొస్తాయనీ తాత ఓపిగ్గా చెప్పాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అనుకుని ముందుకు నడిచింది ఓబులమ్మ. కుందేలు చెవులు ఎంత పొడుగైతే ఏం లాభం!

కాసేపటికి కాళ్ళు నొప్పెట్టి తడి ఆకుల మీద కూలబడింది. లేచేసరికి పిక్కకు రెండు జలగలు. వాటిని గట్టిగా లాగిపారేస్తే నెత్తురు ఆగలేదు.

ఇంకాస్త దూరం పోయాక దారి తప్పింది. కంగారులో ఆ పక్కకీ ఈ పక్కకీ పరిగెత్తి, తిరిగిన చోటే తిరిగి, సగం రోజు పోగొట్టుకుంది.

చివరికి ఒక వాగు కనిపించింది. ఒక పక్కన సన్నగా తేట నీళ్ళు, మిగతాదంతా తెల్లటి ఇసక. ఓబులమ్మకు పుట్టింటికి వచ్చినట్టే అనిపించింది. మూట తలకింద పెట్టుకుని పడుకుంది.

గోగికి నిద్ర రాలేదు. నీళ్ళనే చూస్తూ కూర్చుంది.

"అమ్మా, నీళ్ళు మురికిగా అవుతున్నాయి."

"ఏ చేపో కెలికి ఉంటుందిలే, పడుకో."

"ఎండుటాకులు కూడా వస్తున్నాయమ్మా. తాత చెప్పినట్టే."

ఆ మాటతో ఓబులమ్మ దిగ్గున లేచి మూట అందుకోబోయింది. ఎగువ నుంచి హోరు వినిపించింది. మూట వదిలేసి, పిల్ల మెడ పట్టి నోట కరుచుకుని ఒక్క ఉరుకున గట్టెక్కింది. వెనక్కి తిరిగి చూస్తే ఇసకా లేదు, మూటా లేదు. ఎర్రటి నీళ్ళు గట్టు అంచుదాకా పొర్లుతున్నాయి. గోగిని పొట్టకు హత్తుకుంది ఓబులమ్మ.

ఆ తర్వాత ఉన్నచోటే ఆగారు. ఎంతకీ రాలేదని వెతుక్కుంటూ వచ్చిన చెల్లెలే వాళ్ళను ఇంటికి తీసుకెళ్ళింది.

పదిరోజుల తర్వాత తిరిగి వెళుతూ, కూర్మయ్య ముందు చెవులు వాల్చి నిలబడింది ఓబులమ్మ. మూడింటిలో ఎన్ని విన్నావమ్మా అని అడిగాడు తాత.

"సమయానికి ఒక్కటే తాతా. అదైనా విన్నది నేను కాదు, నా బిడ్డ."

కూర్మయ్య గోగి వంక చూశాడు. "ఆ ఒక్కటీ వినబట్టే గదమ్మా, బిడ్డ నీ పక్కన నిలబడి ఉంది," అన్నాడు.

నీతి: కొత్త చోటికి వెళ్ళినప్పుడు మన ఊరి అలవాటును నమ్ముకోకూడదు, ఆ చోటు తెలిసినవాళ్ళ మాట వినాలి.